సర్వర్లు బాగానే ఉన్నాయి, హెల్త్ చెక్కే చంపేస్తోంది: ఇఫ్తార్ టైమ్‌లో 40 నిమిషాల్లో 37 సర్వర్లు

నల్లకుంట_నైట్‌షిఫ్ట్

కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మాది చిన్న కంపెనీ. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో కింద కర్రీ పాయింట్, పైన మేం. తొమ్మిది మందిలో సర్వర్ల సంగతి చూసేది నేనొక్కదాన్నే. సిటీలో ముప్పై చిల్లర హోటళ్లకి ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకుని ఇస్తాం. మామూలు రోజుల్లో టిఫిన్లు, బిర్యానీ. రంజాన్ నెలలో మాత్రం హలీమే. సాయంత్రం అయిదు దాకా సర్వర్లు ఈగలు తోలుకుంటూ ఉంటాయి. అయిదున్నర నుంచి ఇఫ్తార్ వరకు, ఆ ఒక్క గంటలో, రోజు మొత్తం ఆర్డర్లలో సగం పైన వచ్చి పడతాయి.

సర్వర్లు ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ అద్దెకిచ్చే క్లౌడ్), హైదరాబాద్ రీజియన్. 2022 నవంబర్‌లో అది మొదలైన కొన్నాళ్లకే నాకు ముందు పనిచేసినాయన ముంబై నుంచి అన్నీ ఇక్కడికి మార్చాడట. ముందు అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టుల్ని సర్వర్లకి పంచేది), వెనక ఆటో స్కేలింగ్ గ్రూప్ (రద్దీని బట్టి సర్వర్లని పెంచి తగ్గించేది, చెడినవాటిని మార్చేది). తక్కువలో తక్కువ 4 సర్వర్లు, ఎక్కువలో ఎక్కువ 12. సగటు సీపీయూ 60 శాతం దాటితే కొత్తవి లేస్తాయి. యాప్ రాసింది జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 2.7లో. డేటాబేస్ ఆర్డీఎస్ (ఏడబ్ల్యూఎస్ నడిపే డేటాబేస్ సేవ) మీద మైఎస్‌క్యూఎల్, 2 వీసీపీయూ, 4 జీబీ. హెల్త్ చెక్, అంటే బాగున్నావా అని లోడ్ బ్యాలెన్సర్ సర్వర్‌ని అడగడం, వెళ్లేది /యాక్చుయేటర్/హెల్త్‌కి. 30 సెకన్లకోసారి అడుగుతుంది, 5 సెకన్లలో జవాబు రాకపోతే ఫెయిల్. వరసగా రెండు ఫెయిలైతే అన్‌హెల్తీ, మళ్లీ హెల్తీ కావాలంటే వరసగా అయిదు పాసవ్వాలి. అన్నీ డిఫాల్టులే, ఎవరూ ముట్టుకోలేదు. గ్రూప్‌లో హెల్త్ చెక్ టైప్ ఈఎల్‌బీ (లోడ్ బ్యాలెన్సర్ చెప్పిందే లెక్క) అని పెట్టి ఉంది. గ్రేస్ పీరియడ్, అంటే కొత్త సర్వర్ చెక్ ఫెయిలైనా గ్రూప్ చంపకుండా ఆగే సమయం, 300 సెకన్లు.

మొన్న శుక్రవారం, రంజాన్‌లో మొదటి జుమ్మా. 5:42కి ఆర్డర్లు ఎక్కడం మొదలైంది. 4 సర్వర్లు 7 అయ్యాయి, 7 కాస్తా 10 అయ్యాయి. నేను లోపల మురిసిపోతున్నా, ఆటో స్కేలింగ్ అంటే ఇదీ అని. 5:55కి ఒక సర్వర్ టెర్మినేట్ అయింది. నిమిషంలో ఇంకోటి. తర్వాత రెండు ఒకేసారి. ఆరు దాటేసరికి పొద్దుట్నుంచి ఉన్న నాలుగూ పోయాయి. కొత్తవి లేస్తున్నాయి, నిలబడేలోపే అవీ పోతున్నాయి. యాక్టివిటీ హిస్టరీ నిండా ఒకటే మాట: ఈఎల్‌బీ హెల్త్ చెక్ ఫెయిలైంది కాబట్టి ఇన్‌స్టెన్స్‌ని తీసేశాం అని. తర్వాత కూర్చుని లెక్కపెడితే 40 నిమిషాల్లో 37.

ఈలోగా హోటళ్ల వాళ్ల ఫోన్లు. టోలీచౌకీలో ఒకాయనకి డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాయి, ఆర్డర్ ఒక్కటీ పడలేదు. మా బాస్ ఒక్క మాట అనకుండా నా కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

మగ్రిబ్ అజాన్ అయ్యాక ఆర్డర్లు తగ్గాయి, అంతా దానంతట అదే సర్దుకుంది. నేను చేసిందేమీ లేదు.

నాకు అంతుపట్టనిది ఇది. చచ్చిన సర్వర్లలో రెండింటి లాగులు క్లౌడ్‌వాచ్‌కి (ఏడబ్ల్యూఎస్‌లో లాగులు దాచేచోటు) చేరాయి. వాటిలో క్రాష్ లేదు, మెమరీ అయిపోలేదు. సీపీయూ చివర్లో 35 శాతమే ఉంది. అంటే సర్వర్ బతికే ఉంది, హెల్త్ చెక్ దాన్ని చచ్చిందనుకుంది. ఎందుకని? యాప్ లేవడానికి మామూలుగా 95 సెకన్లు, ఆ రోజు 210 దాకా పట్టింది. అయినా 300 లోపే కదా, మరి కొత్తవాటిని ఎందుకు చంపింది? వచ్చే శుక్రవారం లోపు ఏదో ఒకటి చేయాలి.

మియాపూర్_మెట్రో

గ్రేస్ పీరియడ్ 600 పెట్టెయ్ అన్నా. మాకూ ఇలాగే అయితే అదే చేశాం. తర్వాత ప్రాబ్లం రాలేదు.

పాత_సిస్‌ఎడ్మిన్

గ్రేస్ పీరియడ్ పసిపిల్లలకి మాత్రమే కాపలా. పొద్దుట్నుంచి నడుస్తున్న నాలుగు సర్వర్లు ముందు పోయాయని ఆమె రాసింది. వాటి గ్రేస్ ఎప్పుడో తీరిపోయింది. 600 కాదు, 6000 పెట్టినా వాటిని కాపాడదు.

అమ్మా, రెండు విషయాలు చెప్పండి. టార్గెట్ గ్రూప్‌లో అన్‌హెల్తీ అయినప్పుడు పక్కన కారణం కోడ్ ఒకటి చూపిస్తుంది. అది రెస్పాన్స్ కోడ్ మిస్‌మ్యాచ్ అని ఉందా, టైమౌట్ అని ఉందా? సగం జబ్బు దాంట్లోనే తెలుస్తుంది. రెండోది, ఒక్కో సర్వర్ డేటాబేస్‌కి ఎన్ని కనెక్షన్లు పట్టుకుంటోంది?

నల్లకుంట_నైట్‌షిఫ్ట్

@మియాపూర్_మెట్రో, అన్న కాదు, అక్క. నాలుగో వాక్యంలోనే "ఒక్కదాన్నే" అని రాశాను కదా తమ్ముడూ. పైనుంచి కిందికి చూసేసి జవాబు ఇచ్చావన్నమాట.

@పాత_సిస్‌ఎడ్మిన్ గారూ, అదృష్టం, ఆ టైమ్‌లో టెన్షన్‌లో తీసిన స్క్రీన్‌షాట్లు రెండున్నాయి. రెండింట్లోనూ టైమౌటే. 503 (సర్వర్ సిద్ధంగా లేదనే జవాబు) వచ్చి ఉంటే రెస్పాన్స్ కోడ్ అని పడేది కదా? అది ఎక్కడా లేదు.

కనెక్షన్లు: హికారీ పూల్ (ఒక్కో సర్వర్ డేటాబేస్ కనెక్షన్లు తెరిచి పెట్టుకునే గుంపు) 30 అని పెట్టి ఉంది. డిఫాల్ట్ 10, ముందాయన పెంచాడు. ఎందుకు పెంచాడో ఎక్కడా రాసి లేదు. గిట్‌లో ఆ మార్పుకి ఆయన రాసుకున్న మాట ఒక్కటే, "ఫిక్స్" అని.

మీరు అడిగాక లాగ్ మళ్లీ తిరగేశాను. 5:53 నుంచి ఒకటే లైను, వందల సార్లు. పూల్‌లో కనెక్షన్ దొరకలేదు, 30000 మిల్లీసెకన్లు చూసి వదిలేశాను అని. దాని పక్కనే లెక్క కూడా ఉంది: మొత్తం 30, పనిలో 30, ఖాళీ 0, లైన్లో నిలబడ్డవాళ్లు 140. అప్పుడది మామూలు ఎర్రర్ అనుకుని దాటేశాను.

పాత_సిస్‌ఎడ్మిన్

దొరికింది. ఆ 140 మందిలో ఒకరు మీ హెల్త్ చెక్.

చూడండి. స్ప్రింగ్ యాక్చుయేటర్ హెల్త్‌ని ఏమీ మార్చకుండా అలాగే వదిలేస్తే అది ఊరికే "ఉన్నాను" అని చెప్పదు. డేటాబేస్ ఉందా, రెడిస్ (ఇంకో డేటా స్టోర్) ఉంటే అది ఉందా, డిస్క్‌లో చోటుందా, అన్నీ తిరిగి చూసి అప్పుడు చెబుతుంది. డేటాబేస్‌ని అడగాలంటే పూల్‌లోంచి ఒక కనెక్షన్ తీసుకోవాలి. పూల్ ఖాళీ లేదు. కాబట్టి హలీం ఆర్డర్ చేసేవాళ్ల వెనకే హెల్త్ చెక్ కూడా లైన్లో నిలబడింది. హికారీ ఓపిక 30 సెకన్లు, లోడ్ బ్యాలెన్సర్ ఓపిక 5 సెకన్లు. అందుకే 503 రాలేదు, టైమౌట్ వచ్చింది. సీపీయూ 35 శాతం ఎందుకంటే సర్వర్ పని చేయడం లేదు, ఎదురుచూస్తోంది.

ఇప్పుడు గుణించండి. 4 సర్వర్లు ఇంటూ 30, 120. అది సరే. 10 సర్వర్లయితే 300. 12 అయితే 360. మీ డేటాబేస్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ ఎంతో చూడండి. 4 జీబీ ఆర్డీఎస్ అయితే మూడొందల చిల్లర ఉంటుంది. అదీకాక అక్కడున్నవి 2 వీసీపీయూలు. ఇద్దరు వంటవాళ్ల ముందు మూడొందల మందిని నిలబెడితే వంట త్వరగా అవుతుందా? మీ ఆటో స్కేలింగ్ చేసిందదే. గిన్నె దగ్గర ఆలస్యమవుతుంటే కౌంటర్లు పెంచుకుంటూ పోయింది.

అసలు తప్పు ఇంకోచోట ఉంది. మా ఇంట్లో నల్లా రాలేదనుకోండి, ముందు పక్కింటికి వెళ్లి అడుగుతాం. వాళ్లకి వస్తుంటే మా పైపులో ఏదో ఉంది, ప్లంబర్ని పిలుస్తాం. గల్లీ మొత్తం రాకపోతే ఈ రోజు నీళ్లు వదిలే రోజు కాదని ఊరుకుంటాం. నల్లా రాలేదని ఇల్లు కూలగొట్టి కొత్తిల్లు కట్టం. మీ గ్రూప్ ఆ పనే చేసింది. గల్లీలో ఇళ్లన్నీ ఒక్కొక్కటే కూల్చింది. కొత్తిల్లు కట్టగానే దాంట్లోనూ నల్లా రాదు, దాన్నీ కూల్చింది.

లోడ్ బ్యాలెన్సర్ అడిగేది చిన్న ప్రశ్న: ఈ సర్వర్‌కి ఇప్పుడు ట్రాఫిక్ పంపనా, వద్దా? తప్పు జవాబు ఇచ్చినా పెద్ద నష్టం లేదు, కాసేపాగి మళ్లీ పంపుతుంది. టార్గెట్లన్నీ అన్‌హెల్తీ అయిపోతే అది తలుపులు మూసుకోదు కూడా, ఎలాగూ దిక్కులేదని అందరికీ పంపేస్తుంది. ఆటో స్కేలింగ్ గ్రూప్ అడిగేది పెద్ద ప్రశ్న: దీన్ని చంపి ఇంకోటి తేనా? హెల్త్ చెక్ టైప్ ఈఎల్‌బీ అని పెట్టారంటే చిన్న ప్రశ్నకి వచ్చిన జవాబునే పెద్ద ప్రశ్నకీ వాడుకోమని చెప్పినట్టు. గ్రూప్‌కి లోడ్ బ్యాలెన్సర్‌కున్న దయ లేదు. ఒకసారి దాని పుస్తకంలో అన్‌హెల్తీ అని పడితే ఆ సర్వర్ తర్వాత కోలుకున్నా లాభం లేదు, దానంతటది ఆ మాట కొట్టేయదు.

ఇక పసిపిల్లల సంగతి. 210 సెకన్లలో లేచింది, గ్రేస్ 300, మరి ఎందుకు చచ్చింది అన్నారు. కొత్తగా చేరిన టార్గెట్ మొదటి చెక్కే పాసైతే వెంటనే హెల్తీ. కానీ మీ యాప్ లేవకముందే అది టార్గెట్ గ్రూప్‌లో చేరిపోయింది. 30వ సెకన్‌లో ఫెయిల్, 60వ సెకన్‌లో ఫెయిల్, అన్‌హెల్తీ అని ముద్ర పడింది. అన్‌హెల్తీ నుంచి బయటికి రావాలంటే వరసగా అయిదు పాసులు, అంటే 150 సెకన్లు. 95కి 150 కలిపితే 245, మామూలు రోజుల్లో బొటాబొటిగా గట్టెక్కేవారు. 210కి 150 కలిపితే 360. గ్రేస్ 300 దగ్గర తీరిపోయింది. మంచం మీంచి లేచి ముఖం కడుక్కుంటుంటే చంపేశారు.

కుబేర్నెటీస్_కుబేరుడు

సార్ చెప్పిన చిన్న ప్రశ్న, పెద్ద ప్రశ్న అనేవాటిని కుబేర్నెటీస్‌లో (కంటైనర్లని నడిపే సాఫ్ట్‌వేర్) మొదటి నుంచీ విడదీశారు. ట్రాఫిక్ పంపాలా వద్దా అన్నది రెడీనెస్ ప్రోబ్, చంపి మళ్లీ లేపాలా అన్నది లైవ్‌నెస్ ప్రోబ్. లేవడానికి టైమ్ పట్టేవాటికి స్టార్టప్ ప్రోబ్ వేరే ఉంది, అది పాసయ్యేదాకా మిగతా రెండూ నోరెత్తవు.

కానీ అక్కా, పేర్లు వేరైనంత మాత్రాన జనం వేరుగా పెట్టరు. నేను చూసిన యామల్ (సెట్టింగుల) ఫైళ్లలో సగం, రెండింటికీ ఒకటే పాత్ కాపీ పేస్ట్. పైగా అక్కడ ప్రోబ్ టైమౌట్ డిఫాల్ట్ 1 సెకను. మీకు 5 ఉంది, సుఖపడ్డారు.

స్ప్రింగ్ బూట్ 2.3 నుంచే లైవ్‌నెస్, రెడీనెస్ అని రెండు గ్రూపులు ఇచ్చారు. మీరు మామూలు సర్వర్ల మీద ఉన్నారు కాబట్టి అవి వాటంతటవి రావు, ప్రాపర్టీల్లో ప్రోబ్స్ ఎనేబుల్ చేసుకోవాలి. చేశాక /యాక్చుయేటర్/హెల్త్/లైవ్‌నెస్ అని వస్తుంది. మీరు చేరిస్తే తప్ప దాంట్లో డేటాబేస్ ఉండదు.

బోడుప్పల్_బ్యాకెండ్

అందరి మాటలూ చూస్తే హెల్త్ చెక్‌లోంచి డేటాబేస్ చెక్ పీకెయ్ అన్నట్టే ఉన్నాయి. నేనొక అడ్డుపుల్ల వేస్తాను, ఎందుకంటే పీకి దెబ్బతిన్నవాణ్ని.

పాత కంపెనీలో మా హెల్త్ చెక్ అంటే ఒక ఫైలు. దాంట్లో "ఓకే" అని రెండక్షరాలు. ముందున్న వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ దాన్ని నేరుగా ఇచ్చేసేది, వెనక జావా ఉందో పోయిందో దానికి పట్టదు. ఒక రోజు ఎనిమిది సర్వర్లలో ఒకదాంట్లో డిస్క్ నిండింది. యాప్ టెంప్ ఫైలు రాయలేక ప్రతి రిక్వెస్ట్‌కీ 500 కొట్టడం మొదలుపెట్టింది. హెల్త్ చెక్ మాత్రం ఓకే, ఓకే, ఓకే. మేం లోడ్ బ్యాలెన్సర్‌లో తక్కువ పని ఉన్నవాడికి ముందు పంపే పద్ధతి పెట్టుకున్నాం. మంచి సర్వర్లకి ఒక రిక్వెస్ట్ 200 మిల్లీసెకన్లు, దీనికి 4. చేతిలో పనెప్పుడూ ఉండదు కాబట్టి ట్రాఫిక్ అంతా దాని దగ్గరికే. ఎనిమిదిట్లో ఒకటి చెడితే ఎనిమిదో వంతు కదా నష్టం అనుకుంటాం, మాకు సగానికి పైగా పోయింది. పనిచేయనివాడే అందరికంటే చురుగ్గా కనిపించాడు. ఆఫీసుల్లో కొత్తేం కాదనుకోండి.

పాత_సిస్‌ఎడ్మిన్

బ్యాకెండ్ గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను చెప్పింది చెక్‌ని గుడ్డిది చేయమని కాదు. ఇంటి జబ్బు, ఊరి జబ్బు వేరు చేయమని. డిస్క్ నిండటం, జావా థ్రెడ్లు ఇరుక్కుపోవడం, కాన్ఫిగ్ ఫైలు దొరక్కపోవడం, ఇవి ఇంటి జబ్బులు. ఆ సర్వర్‌ని తీసేసి కొత్తది తెస్తే తగ్గుతాయి. కాబట్టి చెక్‌లో ఉండొచ్చు. డేటాబేస్, పేమెంట్ గేట్‌వే, ఎస్‌ఎంఎస్ పంపేవాళ్లు, ఇవి ఊరి జబ్బులు. సర్వర్‌ని మార్చితే తగ్గవు, అలారం మాత్రం మోగాలి. మనిషి లేవాలి.

రిక్వెస్ట్ నిజంగా యాప్ గుండా వెళ్లి రావాలి, ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గరే ఆగిపోకూడదు. కొంతమంది హెల్త్ చెక్‌ని వేరే మేనేజ్‌మెంట్ పోర్ట్ మీద పెడతారు, ట్రాఫిక్ రద్దీలో చిక్కుకోకుండా. దాంట్లో ఒక మోసం ఉంది. ఆ పోర్ట్‌కి వేరే థ్రెడ్లు ఉంటాయి. అసలు పోర్ట్‌లో టామ్‌క్యాట్ (స్ప్రింగ్ బూట్ లోపలి వెబ్ సర్వర్) 200 థ్రెడ్లూ బిగుసుకుపోయినా పక్క పోర్ట్ హాయిగా బాగున్నానంటుంది. నేనైతే అసలు పోర్ట్ మీదే పెడతాను.

@నల్లకుంట_నైట్‌షిఫ్ట్, ఈ శుక్రవారం లోపు మిగతావి చేయలేకపోయినా ఒక్కటి చేతిలో ఉంచుకోండి. గ్రూప్‌లో ప్రాసెస్‌లని సస్పెండ్ చేయొచ్చు. మళ్లీ ఊచకోత మొదలైతే రీప్లేస్ అన్‌హెల్తీ, హెల్త్ చెక్, ఈ రెండూ ఆపేయండి. మొదటిది ఒక్కటే ఆపితే చంపడం ఆగుతుంది గానీ ముద్రలు పడుతూనే ఉంటాయి, మీరు మళ్లీ తెరవగానే అన్నిటినీ కలిపి చంపుతుంది. ఆ కమాండ్ ఇప్పుడే రాసి, కాగితం మీద ప్రింట్ తీసి, స్క్రీన్ పక్కన అతికించుకోండి. బాస్ వెనక నిలబడ్డప్పుడు డాక్యుమెంటేషన్ వెతకడం నరకం.

మియాపూర్_మెట్రో

సారీ అక్కా. ఒక డౌట్. కొత్తది లేచాకే పాతదాన్ని తీసేలా 2023 నుంచి ఇన్‌స్టెన్స్ మెయింటెనెన్స్ పాలసీ ఉంది కదా. అది పెడితే సరిపోదా?

బోడుప్పల్_బ్యాకెండ్

మంచి ఫీచరే, ఉంచుకోండి. కానీ అక్క కేసులో కష్టం. డేటాబేస్ కనెక్షన్లు అయిపోయి చస్తుంటే, పాతది పోకముందే కొత్తది లేస్తుంది, అదింకో 30 కనెక్షన్లు అడుగుతుంది. కరువులో అధిక మాసం.

నల్లకుంట_నైట్‌షిఫ్ట్

పదహారు రోజుల తర్వాత వచ్చాను. అడిగి మాయమయ్యే రకం కాదు నేను, కొంచెం ఆలస్యం అంతే.

ముందు ఆ లెక్క. డేటాబేస్‌లో షో వేరియబుల్స్ కమాండ్ కొట్టి చూస్తే మ్యాక్స్ కనెక్షన్స్ 312. అంటే 11వ సర్వర్ లేవగానే పరిమితి దాటిపోతుంది. సర్వర్ల మ్యాక్స్ 12 అని పెట్టినవాళ్లు, పూల్ 30 అని పెట్టినవాళ్లు, ఆ రెండు అంకెల్నీ ఎప్పుడూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోలేదు. వాళ్లలో నేనూ ఉన్నాను, మ్యాక్స్‌ని 8 నుంచి 12 చేసింది పోయినేడు నేనే.

చేసినవి చెబుతాను. పూల్ 12కి దించాను. 12 ఇంటూ 12, 144. భయపడుతూనే దించాను గానీ ఆర్డర్ పడే టైమ్ తగ్గింది, పెరగలేదు. హికారీలో కనెక్షన్ కోసం ఆగే ఓపికని 30 సెకన్ల నుంచి 3కి తెచ్చాను. కస్టమర్ కూడా అరనిమిషం ఆగడు, మళ్లీ నొక్కుతాడు. టోలీచౌకీ ఆయనకి డబ్బులు రెండుసార్లు కట్ అయింది అలాగే. లోడ్ బ్యాలెన్సర్ చెక్‌ని లైవ్‌నెస్ పాత్‌కి మార్చి, దానికి డిస్క్ చెక్ ఒకటి కలిపాను. స్ప్రింగ్‌లో డిస్క్‌కి డిఫాల్ట్ హద్దు 10 ఎంబీ అట. 10 ఎంబీ మిగిలేదాకా ఆగితే ఇంకేం మిగులుతుంది, 1 జీబీ పెట్టాను. చెక్ 10 సెకన్లకోసారి, హెల్తీకి 2 పాసులు చాలు, అన్‌హెల్తీకి 4 ఫెయిల్స్. అంటే 210 సెకన్లలో లేచినా 230కి బయటపడుతుంది. గ్రేస్ 420. పాత /యాక్చుయేటర్/హెల్త్‌ని తీసేయలేదు, దాన్ని వేరే స్క్రిప్ట్ అడుగుతుంది. డేటాబేస్ బాగోలేకపోతే నా ఫోన్ మోగుతుంది, సర్వర్ జోలికి ఎవరూ వెళ్లరు.

యాప్ లేవడానికి 210 సెకన్లు ఎందుకు పట్టిందో కూడా దొరికింది. లేవగానే ముప్పై హోటళ్ల మెనూలూ డేటాబేస్‌లోంచి తెచ్చుకుని పెట్టుకుంటుంది. అప్పటికే ఊపిరాడని డేటాబేస్‌ని ప్రతి కొత్త సర్వర్ వచ్చి అదే అడిగింది. 37 సార్లు.

డేటాబేస్‌కి ఊపిరాడకపోవడానికి అసలు కారణం ఇంకా చిల్లరది. యాప్ మొదటి స్క్రీన్ మీద "ఇంకా ఎన్ని ప్లేట్లు ఉన్నాయి" అని ఒక అంకె. మా బాస్‌కి ప్రాణం ఆ అంకె. తెరిచిన ప్రతి ఫోన్ 5 సెకన్లకోసారి ఆ అంకె అడుగుతుంది, ప్రతిసారీ ఆర్డర్ల టేబుల్ మొత్తం లెక్కపెడుతుంది. జనం ఆర్డర్ చేయకుండా ఊరికే తెరిచి ఆ అంకె తగ్గడం చూస్తూ కూర్చుంటారు. ఇప్పుడా అంకెని సర్వర్‌లోనే 3 సెకన్లు దాచిపెట్టి ఇస్తున్నాం. డేటాబేస్ సీపీయూ సాయంత్రం 100 నుంచి 45కి దిగింది. అంటే ఇది ముందే చేసి ఉంటే అసలు 7 సర్వర్లు దాటేవి కావేమో. అయినా హెల్త్ చెక్ అలాగే ఉండి ఉంటే ఇంకో రోజు ఇంకో కారణంతో దొరికిపోయేవాళ్లం.

మధ్యలో ఒక పిచ్చి పని కూడా చేశాను. ఇఫ్తార్ ఎప్పుడో రోజూ ముందే తెలుసు కదా, ఆర్డర్లు ఎక్కాక కొత్తవి లేపడమెందుకని, సాయంత్రం 4:30కే 8 సర్వర్లు ఉండేలా షెడ్యూల్ పెట్టాను. మొదటి రోజు 4:30 అయింది, ఏమీ లేవలేదు. 5 అయింది, లేదు. చేత్తో పెంచాను. రాత్రి పదింటికి నేను ఇంట్లో అన్నం తింటుంటే మెసేజ్, 8 సర్వర్లు సిద్ధం అని. టైమ్ జోన్ ఇవ్వకపోతే అది యూటీసీ (మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయం) అనుకుంటుంది. 16:30 యూటీసీ అంటే మనకి రాత్రి పది. హోటళ్లలో హలీం గిన్నెలు కడిగేసే టైమ్. ఇప్పుడు ఆసియా/కోల్‌కతా అని పెట్టాను.

పోయిన శుక్రవారం సస్పెండ్ కమాండ్ ప్రింట్ తీసి మానిటర్‌కి అతికించుకుని కూర్చున్నాను. 8తో మొదలై 9 దాకా వెళ్లింది. ఒక్కటీ చావలేదు. 6:10కి డేటాబేస్ అలారం ఒకసారి మోగింది, రెండు నిమిషాలు నెమ్మదించి కోలుకుంది. ఆ రెండు నిమిషాల్లో పాత చెక్ ఉండి ఉంటే నాలుగైనా కూలేవి. బాస్ ఈసారి వెనక నిలబడలేదు, కింద నుంచి సమోసాలు తెప్పించాడు.

@బోడుప్పల్_బ్యాకెండ్ గారూ, మీ డిస్క్ కథ చదివాకే ఆ చెక్ కలిపాను. మంగళవారం రాత్రి ఒక సర్వర్‌లో పాత లాగులు తుడిచే పని ఆగిపోయి డిస్క్ నిండబోయింది. గ్రూప్ దాన్ని తీసేసి ఇంకోటి తెచ్చింది. నాకు పొద్దున హిస్టరీ చూస్తేనే తెలిసింది. కానీ ఆ సర్వర్‌తోపాటు దాని లాగులూ పోయాయి, తుడిచే పని ఎందుకు ఆగిందో తెలియలేదు. చంపేముందు కాసేపు ఆపి లాగులు తీసుకునే దారేమైనా ఉందా?

పాత_సిస్‌ఎడ్మిన్

ఉంది. టెర్మినేట్ అయ్యేముందు లైఫ్‌సైకిల్ హుక్ పెట్టండి. సర్వర్ టెర్మినేటింగ్ వెయిట్ అనే స్థితిలో ఆగుతుంది, ఆ లోపల స్క్రిప్ట్ లాగులూ థ్రెడ్ డంపూ ఎస్‌3కి (ఏడబ్ల్యూఎస్ ఫైళ్ల గోదాము) పంపేసి, పని అయిపోయిందని చెప్పాలి. చెప్పడం మర్చిపోతే డిఫాల్ట్‌గా గంటసేపు అలాగే నిలబడుతుంది, బిల్లు మీదే. 300 సెకన్లు పెట్టుకోండి. తీరిగ్గా చూడాలనుకున్న సర్వర్ బతికుండగానే దొరికితే దాన్ని స్టాండ్‌బైలోకి మార్చండి. లోడ్ బ్యాలెన్సర్ లోంచి బయటికొస్తుంది, గ్రూప్ దాని ఆరోగ్యం అడగదు. లోపలికెళ్లి ఎంతసేపైనా తవ్వుకోవచ్చు.

మియాపూర్_మెట్రో

అక్కా, నీ టెర్రాఫామ్ ఫైల్ (సర్వర్ల సెట్టింగులు రాసి ఉండేది) షేర్ చేస్తావా? మా గ్రేస్ 600 ఇంకా అలాగే ఉంది, ఇవన్నీ చదివాక రాత్రి నిద్ర పట్టలేదు.

నల్లకుంట_నైట్‌షిఫ్ట్

పేర్లు, ఐడీలు తీసేసి ఆదివారం పెడతా. ఈలోగా మీ పూల్ సైజ్ ఇంటూ మ్యాక్స్ ఎంతో చూసి ఇక్కడ రాయి.